లాడ్జి బుకింగ్ సైట్‌లో కుకీల ఏరివేత: తిరుపతి ప్రాజెక్టు డైరీ

తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలో ఉన్న ఒక ప్రైవేటు లాడ్జి బుకింగ్ సైట్ ఇది. ఉబుంటు 22.04 (సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్), ఎన్‌జింక్స్ (పేజీలు పంపే వెబ్ సర్వర్), పీహెచ్‌పీ 8.1 (సైట్ కోడ్ భాష), మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్) మీద నడుస్తోంది. గదులు, అద్దెలు, బుకింగ్ ఫారం, పేమెంట్, ఎలా రావాలో చెప్పే పేజీ, అంతకు మించి ఏమీ లేదు. కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచి, తర్వాత తిరిగి చదువుకునే చిన్న సమాచారం. ఇంత చిన్న సైట్ చూసేవాళ్ల బ్రౌజర్‌లో ఏమేం వదిలిపెడుతోందో లెక్క తీసి, అక్కర్లేనివి పీకేసి, మిగిలినవాటి గురించి అతిథికి అర్థమయ్యేలా చెప్పడమే పని. యజమాని అడిగింది మాత్రం వేరు: "ఆ కుకీ బ్యానర్ ఒకటి పెట్టేయండి సార్, అందరూ పెడతా ఉండారు కదా."

బ్యానర్ సంగతి చివర్లో చూద్దామన్నాం. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా పెట్టే బ్యానర్‌లో రాసేదంతా ఊహే. అందుకని ముందే ఒక నియమం పెట్టుకున్నాం. ఈ కుకీ ఎందుకు, ఎంతసేపు ఉంటుంది, ఎవరు చదువుతారు అని అతిథి అడిగితే రిసెప్షన్‌లో కూర్చున్న మనిషి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ కుకీ సైట్‌లో ఉండకూడదు.

లెక్క తీయడం

క్రోమ్‌లో కొత్త ప్రొఫైల్ తెరిచి మొదలుపెట్టాలి. ఇన్‌కాగ్నిటో పనికిరాదు. అందులో థర్డ్ పార్టీ కుకీలను (బయటి సైట్లు పెట్టేవి) క్రోమ్ తనంతట తానే ఆపేస్తుంది కాబట్టి అసలు కనిపించాల్సినవే కనపడవు. ఎఫ్12 నొక్కి డెవ్‌టూల్స్ (పేజీ లోపల జరిగేది చూపే పనిముట్లు) తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో 'ప్రిజర్వ్ లాగ్' టిక్ పెట్టి, ఆ తర్వాతే సైట్ అడ్రస్ కొట్టాలి. హోమ్ పేజీ, గది పేజీ, మ్యాప్ ఉన్న పేజీ, ఫారం, పేమెంట్, తిరిగొచ్చాక రసీదు, ఇలా అతిథి నడిచే దారంతా నడవాలి. ప్రతి మెట్టు దగ్గరా అప్లికేషన్ ట్యాబ్‌లో కుకీలతో పాటు లోకల్ స్టోరేజ్, సెషన్ స్టోరేజ్ (సైట్ బ్రౌజర్‌లో దాచుకునే మరో రెండు చోట్లు) కూడా చూడాలి. చాలామంది కుకీలు చూసి ఆగిపోతారు. ఈ సైట్‌లో అన్నింటికంటే ప్రమాదకరమైన సరుకు లోకల్ స్టోరేజ్‌లోనే దొరికింది. ఆ సంగతి కింద.

కర్ల్ కమాండుతో (బ్రౌజర్ లేకుండా పేజీ తెప్పించే పనిముట్టు) హెడర్లు (పేజీతో పాటు వచ్చే సూచనలు) తెప్పించుకుంటే సర్వర్ పంపే కుకీలు మాత్రమే తెలుస్తాయి. జావాస్క్రిప్ట్ పేజీలోకి వచ్చాక పెట్టేవి అందులో కనపడవు. రెండూ చేసి పోల్చుకుంటే ఏది మన కోడ్, ఏది బయటి స్క్రిప్ట్ అన్నది తేలిపోతుంది.

ఆధారంగా హెచ్ఏఆర్ ఫైల్ (నెట్‌వర్క్ ట్యాబ్‌లో నమోదైనదంతా) దాచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. కొత్త క్రోమ్‌లు కుకీ హెడర్లను తీసేసి ఎగుమతి చేస్తాయి, కుకీ ఆడిట్‌కు ఆ ఫైల్ ఉత్త డొల్ల. డెవ్‌టూల్స్ సెట్టింగ్స్‌లో సున్నితమైన వివరాలతో ఎగుమతి చేసే వీలును ఆన్ చేసుకోవాలి. అలా తీసిన ఫైల్‌లో పనిచేస్తున్న సెషన్ విలువలు (అతిథిని సర్వర్ గుర్తుపట్టే ఆనవాళ్లు) ఉంటాయి కాబట్టి దాన్ని వాట్సాప్ గ్రూపులో పడేయకూడదు. ఆ ఫైల్ అందినవాడు సెషన్ చెల్లే వరకూ ఆ అతిథిగా లోపలికి వెళ్లగలడు.

తేలింది ఇదీ. పీహెచ్‌పీ సెషన్ కుకీ ప్రతి పేజీలోనూ వస్తోంది. గూగుల్ అనలిటిక్స్ (సందర్శకుల లెక్కలు తీసే పనిముట్టు) రెండేళ్ల ఆయుష్షు అడుగుతూ రెండు కుకీలు పెడుతోంది, క్రోమ్ దాన్ని 400 రోజులకు కుదిస్తుంది. ఎప్పుడో బ్రహ్మోత్సవాల సీజన్‌లో ఇచ్చిన ప్రకటన కోసం అతికించిన ఫేస్‌బుక్ పిక్సెల్ (ప్రకటన చూసి వచ్చినవాళ్లను గుర్తుపట్టే స్క్రిప్ట్) ఇంకా అక్కడే ఉండి 90 రోజుల కుకీ పెడుతోంది. దాని రిపోర్టు తెరిచి చూసేవాళ్లు లేరు, లాగిన్ ఎవరి దగ్గర ఉందో కూడా లాడ్జిలో ఎవరికీ గుర్తులేదు. ఇవి కాక మ్యాప్, వీడియో, చాట్ బటన్, బయటి సర్వర్ నుంచి వచ్చే తెలుగు ఫాంటు, భాష ఎంపికకు ఒక కుకీ.

బయటి సరుకు తీసేయడం

పిక్సెల్‌ను తీసేశాం. చర్చ కూడా అక్కర్లేకపోయింది.

చాట్ బటన్ బదులు మామూలు వాట్సాప్ లింకు, ఫోన్ లింకు పెట్టాం. లింకు నొక్కేదాకా బయటికి ఏ రిక్వెస్టూ పోదు. లాడ్జిలో చాట్‌కు జవాబిచ్చే మనిషి ఎలాగూ లేడు, ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడు.

భాష ఎంపికకు కుకీ అవసరమే లేదు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లిష్ పేజీలకు అడ్రస్‌లోనే వేరు వేరు దారులు ఇచ్చాం. చెన్నై నుంచి వచ్చే కుటుంబంలో ఒకరు తమిళ పేజీ లింకు పంపితే అవతలివాళ్లకూ తమిళంలోనే తెరుచుకుంటుంది. కుకీతో ఈ పని జరగదు.

పొందుపరిచిన మ్యాప్ తీసేసి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా గీసిన బొమ్మ ఒకటి పెట్టాం. బొమ్మ కింద ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్ల పేరు వేయడం లైసెన్సు షరతు. బొమ్మ నొక్కితే ఫోన్‌లోని మ్యాప్ యాప్ తెరుచుకుంటుంది. పక్కనే మాటల్లో దారి రాశాం: స్టేషన్‌లో దిగితే ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండ్‌లో దిగితే ఎదురుగా శ్రీనివాసం, అక్కణ్నుంచి ఎటు తిరగాలి, అలిపిరికి ఆటో ఎక్కడ దొరుకుతుంది. లగేజీ మోసుకుంటూ వచ్చేవాళ్లకు కదిలే మ్యాప్ కంటే ఇదే ఎక్కువ అక్కరకొస్తుంది.

వీడియో దగ్గర కొంచెం మెలిక ఉంది. యూట్యూబ్‌కు 'నోకుకీ' అని వేరే డొమైన్ ఉంది. పేరు చూసి దాన్ని పెట్టేసి చేతులు దులుపుకోకూడదు. వీడియో ఆడిస్తే అది కూడా బ్రౌజర్ స్టోరేజ్‌లో రాసుకుంటుంది. అందుకని పేజీలో మన సర్వర్ నుంచి ఒక ఫొటో మాత్రమే పెట్టి, దాని కింద "నొక్కితే వీడియో యూట్యూబ్ నుంచి వస్తుంది" అని రాసి, నొక్కిన తర్వాతే ఐఫ్రేమ్‌ను (పేజీలో బయటి సైట్ తెరుచుకునే కిటికీ) చేర్చాం.

ఫాంటు కుకీ పెట్టదు, కానీ అతిథి ఐపీ అడ్రస్ బయటి సర్వర్‌కు చేరుతుంది. జర్మనీలో మ్యూనిక్ కోర్టు 2022 జనవరిలో సరిగ్గా ఈ కారణానికే ఒక సైట్ యజమాని 100 యూరోలు పరిహారం కట్టాలంది. బయటి సీడీఎన్ (చాలా సైట్లకు ఫైళ్లు పంచే సర్వర్లు) ఫాంటు వేరే సైట్‌లో ఇప్పటికే దిగి ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందరగా తెరుచుకుంటుందన్న పాత వాదన కూడా ఇప్పుడు చెల్లదు. క్రోమ్ 2020 నుంచే సైట్‌కు సైట్‌కు కాష్‌ను (ఒకసారి దిగిన ఫైళ్లు దాచే చోటు) విడగొట్టేసింది. నోటో సాన్స్ తెలుగు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతుంది, దాన్ని మన సర్వర్‌లోకి తెచ్చుకున్నాం.

ఫాంటు సైజు తగ్గించేటప్పుడు తెలుగుకు ప్రత్యేకంగా రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. తెలుగు యూనికోడ్ వరస 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకే కదా అని అంతవరకే కోస్తే జీరో విడ్త్ నాన్ జాయినర్ పోతుంది. దాని సంఖ్య 200సీ, తెలుగు వరసలో లేదు. 'బుకింగ్‌లు', 'ఫోన్‌లో' లాంటి మాటల్లో పొల్లు నిలబడేది దానివల్లే. 200డీ, చుక్కల వలయం 25సీసీ కూడా చేర్చుకోవాలి. రెండోది, ఫాంటు కోసే పనిముట్టు కొన్ని లేఅవుట్ ఫీచర్లను అక్కర్లేదనుకుని పారేయవచ్చు. అప్పుడు ఒత్తులు అక్షరం కింద కూర్చోక పక్కకు జరుగుతాయి. అన్ని ఫీచర్లూ ఉంచమని విడిగా చెప్పాలి. 'శ్రీకాళహస్తి', 'స్వర్ణముఖి', 'రాష్ట్రం' అని టైపు చేసి చూస్తే తేడా వెంటనే బయటపడుతుంది.

సెషన్ కుకీ

తీసేయలేనిది ఇదొక్కటే. అతిథి ఏ తేదీలకు ఏ గది ఎంచుకున్నాడో పేజీ మారినా సర్వర్‌కు గుర్తుండాలి. హెచ్‌టీటీపీకి (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) స్వతహాగా జ్ఞాపకం లేదు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లీ కుకీని తెచ్చిందే ఈ లోటు తీర్చడానికి. ప్రకటనలవాళ్లు ఆ తర్వాత ఎక్కారు.

ముందుగా చేసింది, దాన్ని హోమ్ పేజీ నుంచి తప్పించడం. సెషన్‌ను ఫారం పేజీలోనే మొదలుపెట్టాం. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. జవాబులో సెట్-కుకీ హెడర్ ఉంటే ఎన్‌జింక్స్ ఆ పేజీని కాష్ చేయదు. పైగా సెషన్ మొదలైన పేజీకి కాష్ చేయొద్దని పీహెచ్‌పీ తానే హెడర్ తగిలిస్తుంది. ఇన్నాళ్లూ ప్రతి హోమ్ పేజీ చూపుకూ డేటాబేస్ కదిలేది. టీటీడీ 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా విడుదలైన రోజు గదుల కోసం తాకిడి ఎక్కువ, ఆ రోజు సైట్ నెమ్మదించడానికి ఇదీ ఒక కారణమే.

ఇప్పుడు కుకీకి పెట్టిన గుణాలు: సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే పోతుంది), హెచ్‌టీటీపీ-ఓన్లీ (జావాస్క్రిప్ట్ చదవలేదు), సేమ్‌సైట్ లాక్స్ (వేరే సైట్‌లోని లింకు నొక్కి వస్తే వస్తుంది, అక్కణ్నుంచి ఫారం పంపితే రాదు), పాత్ స్లాష్ (సైట్ అంతటికీ), డొమైన్ ఖాళీ (సబ్‌డొమైన్లకు పోదు). పేరు ముందు రెండు అండర్‌స్కోర్లతో వచ్చే 'హోస్ట్' ప్రిఫిక్స్ చేర్చాం. ఈ ప్రిఫిక్స్ ఉంటే సెక్యూర్ లేకపోయినా, డొమైన్ ఇచ్చినా, పాత్ మారినా బ్రౌజర్ ఆ కుకీని తీసుకోదు. సబ్‌డొమైన్‌లో ఎవరైనా అదే పేరుతో కుకీ దూర్చే దారి మూసుకుపోతుంది. పేరు మారిస్తే మధ్యలో ఉన్న బుకింగులన్నీ తెగిపోతాయి కాబట్టి తెల్లవారుజామున మార్చాం. కోటా విడుదల రోజు, పండగ ముందు రోజు ఇలాంటి మార్పు జోలికి పోకూడదు.

ఓటీపీ సరిచూసిన వెంటనే సెషన్ ఐడీ మార్చాలి, పీహెచ్‌పీ స్ట్రిక్ట్ మోడ్ (తాను ఇవ్వని ఐడీని ఒప్పుకోకపోవడం) ఆన్ చేయాలి. లేకపోతే దాడి చేసేవాడు ముందే తనకు తెలిసిన ఐడీని అతిథికి అంటగట్టి, ఆ తర్వాత అదే ఐడీతో లోపలికి వస్తాడు.

సెషన్ గడువు దగ్గర ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు తప్పక తడబడే చోటు ఒకటుంది. పీహెచ్‌పీ సహజ గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. పాత కోడ్‌లో దాన్ని 2700 సెకన్లకు పెంచినట్టు రాసి ఉంది, అయినా 45 నిమిషాలు నిండకుండానే సెషన్లు పోతున్నాయి. కారణం ఏమంటే, ఈ సిస్టమ్‌లలో పాత సెషన్ ఫైళ్లను ఊడ్చేది పీహెచ్‌పీ కాదు. గంటకు రెండుసార్లు, 9వ నిమిషంలో, 39వ నిమిషంలో నడిచే వేరే శుభ్రత స్క్రిప్ట్ ఆ పని చేస్తుంది. అది చూసేది పీహెచ్‌పీ కాన్ఫిగరేషన్ ఫైళ్లలోని విలువను. కోడ్ లోపల మార్చిన విలువ దానికి తెలియదు. గడువును ఎఫ్‌పీఎం (ఎన్‌జింక్స్ కోసం పీహెచ్‌పీని నడిపే భాగం) కాన్ఫిగరేషన్ ఫైల్‌లోనే మార్చాక సమస్య పోయింది.

డబ్బు కట్టాక లాగౌట్

లాడ్జి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. అతిథి డబ్బు కడతాడు, తిరిగొస్తే "సెషన్ ముగిసింది" అని పేజీ. ఖాతాలో డబ్బు పోయింది, రసీదు లేదు. రిసెప్షన్‌కు ఫోను. అందరికీ కాదు, కొందరికే. టెస్ట్ మోడ్‌లో ఎన్నిసార్లు చేసినా దొరకదు.

కారణం కుకీ నియమాల్లోనే ఉంది. పేమెంట్ గేట్‌వే పని ముగించాక అతిథి బ్రౌజర్‌ను మన సైట్‌కు పోస్ట్ పద్ధతిలో (ఫారం నింపి పంపినట్టు) పంపుతుంది. అది వేరే సైట్ నుంచి వచ్చే పోస్ట్. క్రోమ్ 80 నుంచి, అంటే 2020 నుంచి, సేమ్‌సైట్ చెప్పని కుకీని లాక్స్‌గానే లెక్కేస్తుంది. లాక్స్ కుకీ వేరే సైట్ నుంచి వచ్చే పోస్ట్‌తో పాటు రాదు. అయితే ఇలాంటి పేమెంట్లు ఒక్కసారిగా విరిగిపోకుండా క్రోమ్ ఒక సడలింపు పెట్టింది: సేమ్‌సైట్ చెప్పని కుకీ పుట్టి 2 నిమిషాలు దాటకపోతే పోస్ట్‌తో కూడా పంపుతుంది. మన పాత కుకీకి సేమ్‌సైట్ రాసి లేదు. ఓటీపీ దగ్గర సెషన్ ఐడీ మారుతుంది కాబట్టి ఆ 2 నిమిషాలు అక్కణ్నుంచి మొదలవుతాయి. యూపీఐతో టకీమని కట్టినవాళ్లు గట్టెక్కుతారు. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ వెతుక్కుని, బ్యాంకు ఓటీపీ కోసం ఎదురుచూసినవాళ్లు మునుగుతారు. టెస్ట్ కార్డుతో పరీక్ష చేసే డెవలపర్ ఎప్పుడూ 2 నిమిషాల్లోపే ముగిస్తాడు.

దీనికి అందరూ చెప్పే చిట్కా సేమ్‌సైట్‌ను 'నన్' (ఏ సైట్ నుంచైనా కుకీ రావచ్చు) చేసి సెక్యూర్ తగిలించడం. పని జరుగుతుంది, కానీ లాడ్జి అడ్మిన్ పేజీలతో సహా మొత్తం సైట్‌కు ఉన్న రక్షణ పోతుంది. ఏ సైట్‌లోంచైనా అతిథి పేరుతో మన సైట్‌కు ఫారం పంపించవచ్చు. తాళం మొరాయిస్తోందని తలుపే ఊడదీసినట్టు ఉంటుంది.

చేయాల్సింది, తిరిగొచ్చే పేజీని సెషన్ మీద ఆధారపడకుండా రాయడం. గేట్‌వే పంపిన ఆర్డర్ నంబరు తీసుకోవాలి, హెచ్‌మ్యాక్ షా-256 సంతకాన్ని (సమాచారం గేట్‌వే నుంచే వచ్చిందని తేల్చే ముద్ర) మన రహస్య కీతో లెక్కకట్టి హ్యాష్ ఈక్వల్స్ ఫంక్షన్‌తో పోల్చాలి, కట్టిన మొత్తం డేటాబేస్‌లోని మొత్తంతో సరిపోయిందో చూడాలి, బుకింగ్‌ను ఖరారు చేయాలి, ఆ తర్వాత 303 కోడ్‌తో రసీదు పేజీకి మళ్లించాలి. 303 తర్వాత వెళ్లేది గెట్ (మామూలు లింకు తెరిచినట్టు) కాబట్టి లాక్స్ కుకీ దాంతో వస్తుంది, సెషన్ దొరుకుతుంది. కుకీ సేమ్‌సైట్‌ను స్ట్రిక్ట్ చేసి ఉంటే అక్కడా రాదు, అందుకే లాక్స్ దగ్గర ఆగాం. అదే సమాచారం వెబ్‌హుక్‌గా సర్వర్‌కు నేరుగా కూడా వస్తుంది కాబట్టి ఒకే ఆర్డర్ రెండుసార్లు ఖరారు కాకుండా డేటాబేస్‌లో యూనిక్ కీ ఉండాలి.

తిరిగొచ్చే పేజీలో సెషన్ మొదలుపెట్టే ఫంక్షన్ పొరపాటున కూడా పిలవకూడదు. కుకీ రాలేదు కాబట్టి పీహెచ్‌పీ కొత్త సెషన్ తెరిచి, అదే పేరుతో కొత్త కుకీ పంపుతుంది. బ్రౌజర్‌లో పాతది చెరిగిపోతుంది. ఆ తర్వాత 303 ఎంత సక్రమంగా ఉన్నా రసీదు పేజీకి చేరేది ఖాళీ సెషనే. ప్రతి పేజీ మొదట్లో ఒకే హెడర్ ఫైల్ కలిపేసుకునే పాత పీహెచ్‌పీ సైట్లలో ఈ ఫంక్షన్ ఆ ఫైల్‌లో దాక్కుని ఉంటుంది. ముందు అక్కడ వెతకండి.

ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్ లోపలి బ్రౌజర్‌లో బుక్ చేసి, తర్వాత క్రోమ్‌లో తెరిచి "నా బుకింగ్ ఏది" అనేవాళ్లు ఇంకో రకం. ఆ రెండింటి కుకీ డబ్బాలు వేరు. దీనికి కుకీతో మందు లేదు. ఎస్ఎంఎస్‌లో ఊహించలేని టోకెన్ ఉన్న లింకు పంపుతున్నాం. ఆ పేజీకి రెఫరర్ పాలసీ 'నో-రెఫరర్' పెట్టాం, టోకెన్ బయటికి కారకుండా.

నెట్ సెంటర్ కంప్యూటర్

తిరుపతిలో బుకింగులు చాలావరకు సొంత ఫోన్లలోంచే అయినా, దర్శనం టికెట్టు, గది, ప్రింటు అన్నీ ఒకేచోట చేయించుకునే నెట్ సెంటర్లు ఇంకా ఉన్నాయి. ఒకే బ్రౌజర్ ముందు రోజంతా వేరు వేరు కుటుంబాలు కూర్చుంటాయి. సైట్ గోప్యతకు అసలు పరీక్ష ఆ కంప్యూటరే.

పాత బుకింగ్ ఫారం, కరెంటు పోయినా టైపు చేసింది పోకూడదని, అన్ని గడులనూ లోకల్ స్టోరేజ్‌లో దాచేది. పేరు, ఫోన్ నంబరు, చిరునామా, గుర్తింపు కార్డు నంబరు, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా. లోకల్ స్టోరేజ్‌కు గడువు ఉండదు. తర్వాత కూర్చున్న మనిషి ఫారం తెరిస్తే ముందు వెళ్లిన కుటుంబం వివరాలు నింపి కనిపిస్తాయి. పేజీలోకి దూరిన ఏ స్క్రిప్టైనా కూడా చదవగలదు. ఇలాంటి దాపు గురించి కుకీ బ్యానర్లలో ఒక్క ముక్క కూడా ఉండదు.

ఇప్పుడు డ్రాఫ్టును సెషన్ స్టోరేజ్‌కు మార్చాం, అది ట్యాబ్‌తో పాటే పోతుంది. అందులో తేదీలు, గది రకం, మనుషుల సంఖ్య మాత్రమే. గుర్తింపు కార్డు నంబరు గడినే ఫారం నుంచి తీసేశాం. కార్డు ఎలాగూ రిసెప్షన్‌లో చూస్తారు. కుటుంబంలో పిల్లల పేర్లు కూడా అడగడం లేదు, ఎంతమంది పెద్దలు, ఎంతమంది పిల్లలు అన్నది చాలు.

సెషన్ కుకీ బ్రౌజర్ మూస్తే పోతుందని పుస్తకాల్లో ఉంటుంది. క్రోమ్‌లో 'ఆపిన చోటు నుంచి కొనసాగించు' సెట్టింగ్ ఉంటే పోదు, మళ్లీ తెరిచినప్పుడు సెషన్ కుకీలూ తిరిగొస్తాయి. నెట్ సెంటర్లలో ఈ సెట్టింగ్ ఉండటం అరుదేమీ కాదు. అందువల్ల గడువు సర్వర్ వైపే ఉండాలి: 45 నిమిషాలు కదలిక లేకపోతే చెల్లదు, కదలిక ఉన్నా 3 గంటలు దాటితే చెల్లదు. రసీదు పేజీలో ప్రింట్ బటన్ పక్కనే పెద్దగా 'ముగించు' బటన్ పెట్టాం. అది నొక్కితే సర్వర్ క్లియర్-సైట్-డేటా హెడర్‌లో కుకీలు, స్టోరేజ్ తుడిచేయమని చెబుతుంది. ఈ హెడర్ హెచ్‌టీటీపీఎస్‌లోనే పనిచేస్తుంది.

పాత కుకీలను తుడవడం

కోడ్ తీసేసినంత మాత్రాన ఇప్పటికే వచ్చిపోయినవాళ్ల బ్రౌజర్లలోని కుకీలు పోవు. ఏడాదికి పైగా ఆయుష్షుతో పెట్టినవి అక్కడే ఉంటాయి, ప్రతి రిక్వెస్టుతో మనకే తిరిగొస్తుంటాయి. తుడవాలంటే అదే పేరు, అదే డొమైన్, అదే పాత్‌తో మ్యాక్స్-ఏజ్ సున్నా చేసి పంపాలి. అనలిటిక్స్ కుకీలు మొత్తం డొమైన్‌కు వర్తించేలా పెట్టి ఉంటాయి. డొమైన్ రాయకుండా తుడిస్తే బ్రౌజర్ దాన్ని వేరే కుకీ అనుకుంటుంది, పాతది కదలదు. డొమైన్‌తో ఒకసారి, డొమైన్ లేకుండా ఒకసారి, రెండూ పంపుతున్నాం. లోకల్ స్టోరేజ్ డ్రాఫ్టును తుడిచే నాలుగు వరసల స్క్రిప్టు కూడా ప్రతి పేజీలో ఉంది. దీన్ని ఏడాది పాటు ఉంచుతాం, ఎందుకంటే ఏడాదికోసారి కొండకు వచ్చేవాళ్లే ఈ లాడ్జి పాత అతిథుల్లో ఎక్కువ.

అనలిటిక్స్ లేకుండా లెక్కలు

"ఎంతమంది వచ్చినారో తెలీకపోతే ఎట్లా సార్?" అన్నది యజమాని ప్రశ్న, న్యాయమైనదే. ఎన్‌జింక్స్ లాగ్‌ను (వచ్చిన ప్రతి రిక్వెస్టూ నమోదయ్యే ఫైల్) గోయాక్సెస్ అనే పనిముట్టుతో చదివిస్తే రోజువారీ సందర్శనలు, ఏ పేజీ ఎక్కువ చూశారు, ఏ భాష, ఏ లింకు నుంచి వచ్చారు అన్నీ వస్తాయి. ఐపీ అడ్రస్‌ను మాస్క్ చేసే ఎంపిక అందులోనే ఉంది. పోయేదల్లా ఒకే మనిషి రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చాడా అన్న లెక్క. గదులున్న లాడ్జికి అది రిజిస్టర్‌లోనే తెలుస్తుంది. కుకీ బదులు స్క్రీన్ సైజు, ఫాంట్లు, పరికరం వివరాలు కలిపి మనిషిని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింటింగ్ పనిముట్లు 'కుకీ లేని అనలిటిక్స్' పేరుతో అమ్ముతుంటారు. అది ఇంకా అన్యాయం. కుకీనైనా అతిథి తుడుచుకోగలడు, దీన్ని తుడుచుకోలేడు.

లాగ్ దగ్గర చట్టం ఇంకోవైపు లాగుతుంది. కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సంస్థలు లాగులను 180 రోజులు ఉంచాలి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ నిబంధనలు భద్రత కోసం ఏడాది అంటున్నాయి. అందుకని లాగ్ రెండుగా విడగొట్టాం. పూర్తి ఐపీ ఉన్నది ఏడాది పాటు, రూట్‌కు (సర్వర్ ప్రధాన ఖాతా) తప్ప ఎవరికీ తెరుచుకోని ఫోల్డర్‌లో. మాస్క్ చేసినది లెక్కలకు.

మళ్లీ చొరబడకుండా

రేపు ఎవరో వచ్చి ఏదో స్క్రిప్ట్ అతికిస్తారు, అది ఖాయం. కంటెంట్ సెక్యూరిటీ పాలసీ హెడర్ పెట్టి స్క్రిప్టులు, ఫాంట్లు, బొమ్మలు మన డొమైన్ నుంచే రావాలని, ఫ్రేమ్‌లో యూట్యూబ్ నోకుకీ డొమైన్ ఒక్కటే తెరవొచ్చని రాశాం. మొదట రిపోర్ట్-ఓన్లీ రూపంలో (దేన్నీ ఆపకుండా తప్పులు మాత్రం తెలిపేది) పెట్టి చూడాలి. నేరుగా అమలు చేస్తే ఫారం పంపే చోట గేటు పడుతుంది: 'ఫారం-యాక్షన్'లో మన సైట్ ఒక్కటే ఉంటే, ఫారం మన సర్వర్‌కే వెళ్లినా, అక్కణ్నుంచి గేట్‌వేకు మళ్లించడాన్ని క్రోమ్ అడ్డుకుంటుంది. గేట్‌వే డొమైన్‌ను అక్కడ చేర్చాలి.

నోటీసు, సమ్మతి

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టానికి 2023 ఆగస్టు 11న ఆమోదం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. నోటీసు, సమ్మతికి సంబంధించినవి 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి. చట్టం కుకీని విడిగా పేర్కొనదు. మనిషిని గుర్తించగలిగే ఏ డేటా అయినా వ్యక్తిగత డేటాయే, కాబట్టి బుకింగ్‌తో ముడిపడిన కుకీ విలువ కూడా అందులోకే వస్తుంది. సమ్మతి స్పష్టమైన చర్యతో ఇవ్వాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి కాదని యూరోపియన్ యూనియన్ కోర్టు 2019లోనే తేల్చింది. ఇక్కడ కూడా అలాగే చూసుకోవడం మేలు.

ఇంత ఏరేశాక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. ఏటా వచ్చేవాళ్ల కోసం "ఈ ఫోన్‌లో నా పేరు, ఊరు గుర్తుంచుకో" అన్న గడి. టిక్ లేకుండా ఉంటుంది, ఫారంలో ఆ గడుల పక్కనే ఉంటుంది. టిక్ పెడితే 180 రోజుల కుకీ, అంటే మ్యాక్స్-ఏజ్ 1,55,52,000 సెకన్లు. అందులో ఉండేది అర్థం లేని టోకెన్, వివరాలు సర్వర్‌లో. దీన్ని సర్వరే పెట్టాలి. జావాస్క్రిప్ట్‌తో పెడితే ఐఫోన్ సఫారీ 7 రోజులకే తుడిచేస్తుంది. పక్కనే 'మరిచిపో' లింకు. తెర మొత్తం కప్పేసే బ్యానర్ లేదు.

ఫారం పైన కనిపించే నోటీసు ఇదీ:

"మీరు గది బుక్ చేసేటప్పుడు ఈ సైట్ మీ బ్రౌజర్‌లో ఒక కుకీ పెడుతుంది. మీరు ఎంచుకున్న గది, తేదీలు పేజీ మారినా పోకుండా ఉండటానికే అది. 45 నిమిషాలు మీరు ఏమీ చేయకపోతే చెల్లదు. ప్రకటనల కోసం ఇక్కడ ఏ కుకీ లేదు. వీడియో నొక్కితే అది యూట్యూబ్ నుంచి వస్తుంది, అప్పుడు యూట్యూబ్ మీ బ్రౌజర్‌లో తన సమాచారం దాచుకోవచ్చు. డబ్బు కట్టే పేజీ గేట్‌వేది, అక్కడ వాళ్ల నియమాలు."

దీని కింద ఫారంలో తీసుకునే ప్రతి వివరానికీ ఎందుకో ఒక వరస, సమ్మతి వెనక్కి తీసుకునే దారి, డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేసే దారి. 'బ్రౌజర్ మూస్తే కుకీ పోతుంది' అన్న వాక్యం మొదటి ప్రతిలో ఉండేది, నెట్ సెంటర్ సంగతి తేలాక కొట్టేశాం.

నోటీసును ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేంట్లోనైనా గానీ చూసే వీలివ్వాలన్నది చట్టం. ఆరు వాక్యాల నోటీసును 22 భాషల్లోకి తేవచ్చు, పన్నెండు పేజీల పాలసీని తేలేరు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లిష్ ఎక్కాయి. తర్వాత మరాఠీ, ఒడియా.

ఇప్పటి స్థితి

కుకీల రిజిస్టర్ ఒక చిన్న టెక్స్ట్ ఫైల్: పేరు, ఎవరు పెట్టారు, ఎందుకు, ఎంతకాలం. ప్లేరైట్ (బ్రౌజర్‌ను తనంతట తానే నడిపే పనిముట్టు) స్క్రిప్టు రోజూ రాత్రి కొత్త ప్రొఫైల్‌తో సైట్ అంతా తిరిగి, దొరికిన కుకీలను, లోకల్ స్టోరేజ్ కీలను ఆ ఫైల్‌తో పోలుస్తుంది. ఫైల్‌లో లేని పేరు కనపడితే మెయిల్ వస్తుంది, కొత్త కోడ్ సర్వర్‌కు ఎక్కదు.

మిగిలిన పనులు: కన్నడ నోటీసును కోలారు వైపు అతిథుల చేత చదివించి సరిచూడటం. అడ్మిన్ లాగిన్ కుకీని విడదీసి స్ట్రిక్ట్ చేయడం, దానికి గేట్‌వేతో పని లేదు కాబట్టి ఇబ్బంది రాదు. బ్యాకప్ డిస్కులో ఉన్న పాత బుకింగుల గుర్తింపు కార్డు నంబర్లను తుడవడం. యజమాని ఒప్పుకున్నారు, వచ్చే కోటా విడుదల దాటాక మొదలవుతుంది.